మా అత్తయ్యకి బుక్ చేసిన మంచం

గురువారం మధ్యాహ్నం,
షాపు షట్టరు సగం దించి

చిరంజీవి మరిదికి,

మీ వదిన దీవించి రాయు సంగతులు. ఇక్కడ అత్తయ్యా నేనూ కులాసా. అక్కడ నువ్వు అంత కులాసాగా లేవని నీ ఫోను వల్ల తెలిసింది. నడుము నొప్పి తగ్గిందని తలుస్తాను. మా తోటికోడలిని అడిగానని చెప్పు.

ఫోనుకి జవాబు ఫోనులోనే చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. ఇన్నేళ్లూ అలాగే జరిగింది. కాగితం మీదైతే నేను మాట్లాడతాను, నువ్వు ఊఁ కొట్టు. మధ్యలో అడ్డం పడినా నాకు వినిపించదు.

నువ్వడిగినవి రెండు. ఒకటి, నేను నీకు క్షమాపణ చెప్పాలి. రెండు, వచ్చే నెల నుంచి అత్తయ్యని ఆ పెద్దల నివాసంలో శాశ్వతంగా చేర్పించడానికి ఒప్పుకోవాలి. రెండింటికీ నా జవాబు ఒకటే. కుదరదు. ఇక్కడితో ఉత్తరం ముగించవచ్చు. కానీ కవరు కొన్నాను, పెన్నులో ఇంకు ఉంది, ఈ పూట గిరాకీ లేదు. కాబట్టి కూర్చుని చదువు.

మొదట్నుంచీ వద్దాం. నీ మొదటి ఫోను వచ్చినప్పుడు నేను ఎవరిదో కోటుకి చెయ్యి అతుకుతున్నాను. రెండు చేతులూ ఖాళీ లేక ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాను. “వదినా, నీకూ వయసైపోయింది, అమ్మని ఇక నేను చూసుకుంటాను” అన్నావు. చూసుకోవడమంటే ఎలాగని అడిగితే, మీ ఊళ్లోనే పెద్దల నివాసం ఒకటుందనీ, అందులో నర్సులూ తోటా లిఫ్టూ ఉన్నాయనీ, ముందు ఒక వారం ట్రయలుకి గది బుక్ చేశాననీ చెప్పావు. అత్తయ్యని అడిగావా అన్నాను. “ఆవిడకేం తెలుస్తుంది వదినా, ఈ మధ్య మతి కూడా సరిగా ఉండట్లేదు, పోయినసారి నన్ను కాలం చేసిన అన్నయ్య పేరు పెట్టి పిలిచింది” అన్నావు. అత్తయ్య నా ఎదురుగానే కూర్చుని పాత గౌనుకి కుట్లు విప్పుతోంది. తల ఎత్తకుండానే, “ఇద్దరిదీ ఒకటే గొణుగుడు, నేనేం చెయ్యను” అంది. నీకు వినిపించలేదు. నువ్వప్పటికి మళ్లీ లిఫ్టు దగ్గరికి వెళ్లిపోయావు.

నేను బడికి పోలేదని నీకు తెలుసు. చదువు నాకు పాత పేపర్ల మీద వచ్చింది. గుడ్డ కోసే ముందు పేపరు మీద కొలత గీసి కత్తిరిస్తాం గదా, ఆ ముక్కల్ని కూడబలుక్కుని చదివేదాన్ని. దానివల్ల ఏ వార్తా పూర్తిగా తెలిసేది కాదు. మంత్రిగారు రాజీనామా చేశారా లేదా అనే చోట సరిగ్గా చంక కత్తిరింపు వచ్చేసేది. మిగతాది నేనే ఊహించుకునేదాన్ని. ఎవరైనా సగం మాట చెబితే మిగతా సగం పూరించుకునే అలవాటు అక్కడ పట్టిందే. నువ్వు “అమ్మ సుఖం కోసం” అన్నావు. అక్కడ చంక వచ్చింది. మిగతాది నేను పూరించుకున్నాను.

పైగా ట్రయలు అన్నమాట నా ముందు వాడావు. మా పనిలో ట్రయలంటే, కచ్చా కుట్టు వేసి, తొడుక్కునేవాళ్లనే పిలిచి, అద్దం ముందు నిలబెట్టి, చెయ్యెత్తమని, వంగమని, కూర్చోమని చూడటం. డబ్బు కట్టేది ఎవరైనా సరే, చెల్లేది తొడుక్కున్నవాళ్ల మాటే. ఒకసారి ఒకాయన భార్యకి తెలియకుండా కోటు కుట్టిద్దామని వచ్చి, గాల్లో చేతులు చాపి “ఇంతుంటుంది” అని కొలత చూపించాడు. ఆయన ప్రేమకొద్దీ చూపించిన కొలతలో ఇద్దరు భార్యలు పట్టేవాళ్లు. ఆవిడ వచ్చి తొడుక్కుని, షాపులోనే ఆయన్ని ఏమందో రాయను. నువ్వు ఆఫీసరుగా చేసినవాడివి.

సరే, నువ్వు కారు పంపావు. దిగబెట్టి రావడానికి నేనూ వెంట వచ్చాను. చేర్చుకునే గదిలో మేనేజరమ్మాయి మంచిగానే మాట్లాడింది. ప్రశ్నలడిగింది. నిద్ర పడుతుందా అంటే అత్తయ్య “పడుకుంటే తెల్లారాకే లేస్తాను” అంది. ఆకలి ఉంటుందా అంటే “టైముకి పెడతారు, తింటాను” అంది. మాట్లాడటానికి మనుషులున్నారా అంటే “షాపుకొచ్చేవాళ్లంతా నాతోనే మాట్లాడతారు, మా కోడలికి కొలతలు చెప్పి వెళ్లిపోతారు” అంది. బయట తిరుగుతారా అంటే “రోజూ సాయంత్రం కోడలు వీధి చివరిదాకా నడిపిస్తుంది” అంది. ఈవిడకి ఇక్కడ పనేమిటన్నట్టు ఆ అమ్మాయి రాసుకోవడం ఆపి చూసింది. తర్వాత మర్యాదకి నా వైపు తిరిగి అవే ప్రశ్నలు నన్నడిగింది. నిద్రా? అత్తయ్య మూలిగితే లేస్తాను, మూలగకపోతే ఎందుకు మూలగలేదా అని లేస్తాను. ఆకలా? అత్తయ్య తిన్నాక చల్లారింది ఏదుంటే అది. తిరగడమా? వీధి చివరిదాకా, ఆవిడ నడకతో. అడిగినందుకు చెప్పాను. అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఇక నువ్వు నిలదీసిన చోటికి వచ్చాం. చేరేది ఎవరని ఆ అమ్మాయి ముంజేతికి వేసే పట్టీ తీసింది. నేనే అన్నాను. నా చెయ్యి నేనే చాపాను. సంచీ అందుకుని గదికి పోయాను. అత్తయ్యని అదే కారులో మీ ఇంటికి తీసుకెళ్లమని డ్రైవరుకి చెప్పిందీ నేనే. ఇదంతా ఇంటి దగ్గరే అనుకుని చేసిన పని. ఈసారి ఫోనులో ఇంకో మాటన్నావు. “ఇది నీ పని కాకపోతే అమ్మ పని. అమ్మ పనయితే మతి పూర్తిగా పోయినట్టే, డాక్టరు చేత రాయించి రేపే చేర్పిస్తాను” అని. నా పనే. అత్తయ్యకి ఏమీ తెలియదు, నోరు కూడా తెరవలేదు. డాక్టరుకి చెప్పదలుచుకుంటే మా వదిన గడుసుదని చెప్పు. దానికి మందిస్తాడేమో చూద్దాం.

వారం ఎలా గడిచిందో కూడా విను. మొదటి రోజు పడుకున్నాను. బెంగన్నది లేకుండా, హాయిగా పడుకున్నాను. భోజనానికి లేపితే తిని మళ్లీ పడుకున్నాను. నర్సు వచ్చి “ఏం పెద్దమ్మా, ఒంట్లో బాగాలేదా” అని చెయ్యి పట్టుకుని చూసింది. రోగం కాదమ్మా, బాకీ అన్నాను.

మర్నాడు హాల్లో ఉపన్యాసం. విశ్రాంత జీవితానికి ప్రణాళిక. మెడలో కార్డు వేలాడేసుకున్న ఒకాయన తెర మీద బొమ్మలు వేసి, ఉద్యోగం వదిలే రోజుకి ఎంత ముందు నుంచి ఎలా సిద్ధపడాలో చెప్పాడు. బాగానే చెప్పాడు పాపం. నేను చెయ్యెత్తి, బాబూ, ఇంట్లో పెద్దావిడని చూసుకునే ఉద్యోగానికి రిటైర్మెంటు ఏ వయసులో అని అడిగాను. ఆయన బొమ్మల్లో వెతికాడు. లేదు. “మంచి ప్రశ్న” అన్నాడు. నీకు మీ ఆఫీసులో సభ పెట్టి గోడగడియారం ఇచ్చి పంపారు. “ఇక నా సమయం నాది” అని నువ్వన్నావు, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ మాటే నేనంటే నీకు కోపమొచ్చింది.

వారం మధ్యలో అదే హాల్లో ఇంకో సమావేశం జరిగింది. ఇళ్లలో పెద్దవాళ్లని చూసుకునేవాళ్లు బయటినుంచి వచ్చి, కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. నేను మొదట నివాసంలో ఉండేవాళ్ల వరుసలో కూర్చున్నాను. వినగా వినగా, నా కుర్చీ నేనే ఎత్తుకుని అటు పోయాను. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన, మంచాన పడ్డ భార్యని చూసుకుంటాడట, “నిన్న ఆవిడ మీద అరిచాను. అరిచి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపలికి వెళ్లబుద్ధి కాలేదు” అన్నాడు. ఎవరూ ఛీ అనలేదు. ఒకావిడ “మా ఇంటి మెట్లయితే అరిగిపోయాయి అన్నయ్యా” అంది. అందరూ నవ్వారు, కండక్టరుతో సహా. ఎందరెందరికో కొలతలు తీశాను మరిదీ, ఒక్కరి నోటా ఆ మాట వినలేదు. అలిసిపోయామని చెబితే పాపమేమోనని ఎవరికి వాళ్లం తలుపులేసుకుని కూర్చున్నాం.

ఆ వారం నువ్వు నాకు చేసిన ఫోన్లు కూడా గుర్తున్నాయి. “వదినా, మాత్రల్లో ఏది ముందు?” ఆవిడనే అడుగు, ఆవిడకి తెలుసన్నాను. “వదినా, స్నానానికి కుర్చీ కావాలంటోంది, ఏ కుర్చీ?” తడిసినా మీ ఆవిడ తిట్టనిది అన్నాను. “వదినా, పొద్దుట్నుంచీ ఒకే కథ చెబుతోంది.” మొదటి రెండుసార్లు బాగుంటుంది, తర్వాత అలవాటవుతుందన్నాను. ఇంటికొచ్చాక అత్తయ్య ఏమందో చెప్పనా? “చిన్నోడు నాకు తల దువ్వాడే. పాపిడి మలుపు రోడ్డులా వచ్చింది. అయినా రెండు రోజులు చెరపలేదు” అంది. నీకు చెప్పొద్దంది. చెప్పేశాను.

అందుకని నా మాట ఇది. అత్తయ్య నా దగ్గరే ఉంటుంది. ఆవిడకి నేను కాదు, షాపు కావాలి. లావెక్కినవాళ్లకి “మీరు కాదమ్మా, మా టేపు ముడుచుకుపోయింది” అని మొహం చూస్తూ చెప్పగలిగింది ఆవిడొక్కతే. అయితే మూడు నెలలకోసారి ఒక వారం ఆవిడ మీ ఇంటికి వస్తుంది, నేను ఆ నివాసానికి పోతాను. ఖర్చు చెరిసగం. ఇది అడగడం కాదు, చెప్పడం. నువ్వు ఒప్పుకోకపోతే ఆవిడని మీ గుమ్మంలో దింపి, గంట కొట్టి, కారెక్కి వెళ్లిపోతాను. ఆ పని వచ్చని ఒకసారి చూపించాను.

ఇంకొకటి కూడా తెలుసుకో. ఇక్కడ గురువారం మధ్యాహ్నం షట్టరు సగం దించడం మొదలుపెట్టాను. మందుల షాపు ఆవిడ, మేడ మీది లెక్కల టీచరు, ఇస్త్రీ ఆయన వస్తారు. ముగ్గురిళ్లలోనూ కనిపెట్టుకుని ఉండాల్సిన పెద్దవాళ్లున్నారు. కటింగు బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు తిడతారు, ఒకరు ఏడుస్తారు, ఇస్త్రీ ఆయన నిద్రపోతాడు. ఒకరింట్లో ఒకరు పూట కూర్చునేలా వంతులు వేసుకున్నాం. ఇస్త్రీ ఆయన తండ్రి దగ్గర మా అత్తయ్య వంతు. ఆయనకి చెవుడు, ఈవిడకి మాటలు, ఇద్దరికీ సుఖం. సొంతవాళ్లని చూసుకోలేక మీటింగులు పెడుతున్నారని వీధిలో కొందరన్నారు. అన్నవాళ్ల బట్టలు కొంచెం ఆలస్యమవుతున్నాయి.

నీ మీద కోపం లేదు. వారం రోజులు ఆవిడని చూసుకున్నావు, బాగానే చూసుకున్నావు, ఇంకా బాగా వస్తుంది. క్షమాపణ కోసం మాత్రం ఈ కాగితం తిరగేసి వెతక్కు, వెనకవైపు కూడా లేదు.

ఉంటాను, వాళ్లొచ్చే వేళయింది.

తగ్గని, తగ్గదలుచుకోని
మీ వదిన

తా.క. ఒరేయ్ చిన్నోడా, ఇది మీ అమ్మ రాత. అక్షరాలు వంకరగా ఉన్నాయని మొహం పెట్టకు, నిదానంగా చదువు. కవరంటించమని నా చేతికిచ్చి మీ వదిన కుర్చీలు వేస్తోంది. చదివాను. అందులో అబద్ధముంది. చెయ్యి అది చాపలేదు. నేనే దాని చెయ్యి పట్టుకుని “చేరేది ఈవిడ” అని ముందుకి పెట్టాను. సంచీలో ఉన్నవి దాని బట్టలే, నా దుప్పటి పైన కప్పి ముందురోజు నేను సర్దాను. డ్రైవరుకి చెప్పిందీ నేనే. “అత్తయ్యా ఇదేంటి” అని పిల్లలా ఏడ్చింది. హాయిగా పడుకున్నానని రాసింది గానీ, అత్తయ్య తిందా అని పూటపూటకీ మీ ఆవిడ ఫోనుకి చేసి ఏడుస్తూనే ఉంది. నాకు మతి పోయిందంటావేమోనని నింద తన మీద వేసుకుంటోంది. అంటే అను.

ఎందుకు చేశానో విను. ఒక మధ్యాహ్నం అది మిషను మీద తల వాల్చి నిద్రపోయింది. కళ్లు మూసుకునే ఉన్నాయి, కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. మీరంతా నేను పోయేదాకా అది ఉంటే చాలనుకుంటున్నారు. నేను పోయాక కూడా అది ఉండాలిరా. ఈసారి ఏడ్చినా వెనక్కి చూడను. మూడు నెలలు నిండిన రోజుకి కారు పంపు.