బలం సూది

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు పాఠాలు చెప్పిన ఎనిమిదో తరగతికి వచ్చిన కొత్త భౌతికశాస్త్రం సారును తలుచుకుంటేనే కంపరం పుడుతోంది. పక్క గదిలో తెలుగు పాఠం చెబుతూ పొద్దున కిటికీలోంచి అంతా చూశాను, విన్నాను.

"బలం అంటే ఏంది?" అని అడిగాడు. ఈశ్వరమ్మ లేచి, "పత్తిచేనుకు కొట్టే మందు సార్" అంది. మన గట్టు ఊళ్లో ఎవరింట్లో అడిగినా బలం మందంటే అదే కదా. నువ్వైతే "అదీ బలమే బిడ్డా, ఇంకో బలం సూడు" అంటూ ఆ పిల్లతోనే బల్ల నెట్టించి, అది కదిలాక న్యూటన్ల మాట ఎత్తేవాడివి. ఈయన "పేడ బుర్రలు" అని ఈసడించి, గైడులోని నిర్వచనం పేజీ నిండా రాయమన్నాడు. ఈశ్వరమ్మ తల దించుకుని రాసింది. బల్ల ఉన్నచోటే ఉంది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూములో అదే మనిషి కుర్చీలో చేరగిలబడి, "జరమొచ్చి లేచినకాన్నుంచి ఒంట్ల ఏం లేదు మేడం. సాయంత్రం గద్వాల దవాఖానకు పోయి ఒక బలం సూది ఏయించుకుంట" అన్నాడు.

నేను అన్నం డబ్బా మూసేశాను. ఆ సూదిలో ఎన్ని న్యూటన్లు ఉంటాయో అడగడానికి నువ్వు లేవు.