మా పాప చెప్పిన వంక

సెప్టెంబర్ 10, బుధవారం

పాప ఫోన్ చేసింది, నంద్యాల హాస్టల్ నుంచి. నల్లమలలో నేచర్ క్యాంప్ అంట. తొమ్మిదో తరగతి వాళ్లను తీసుకుపోతారంట. వచ్చేవాళ్ల పేర్లు చదివితే మొదటి పేరు మా ముబశ్శిరాదే అంట. మొదటి పేరు. ఆ మాట విన్నప్పటి నుంచి చేతిలో సూది నిలవడం లేదు. కుడుతున్న పరుపును పక్కకు నెట్టేసి, గడ్డంలో దూది కూడా దులుపుకోకుండా వీధిలోకి పోయి కనబడిన ప్రతివాడికీ చెప్పాను. అరవై దాటినవాడిని, ఐదో తరగతితో బడి మానేసినవాడిని. లేక లేక పుట్టిన బిడ్డ నా బిడ్డ. నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు?

పక్కింటి ఫయాజ్ మాత్రం, ఏం మాబన్నా, ఆడపిల్లను అడివికి పంపిస్తాండావా, నీకేమన్నా మతి పోయిందా అన్నాడు. నీ కొడుకు ఇంటర్ రెండు తూర్లు తప్పితే నేనేమన్నా అడిగినానా అన్నాను. మాట పెరిగింది. మా ఇంటామె షరీఫా వచ్చి చొక్కా పట్టుకుని నన్ను లోపలికి లాక్కుపోయింది.

కోపంతో పడుకున్నాను, సంతోషంతో నిద్రపోయాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం, ఉదయం

స్కూల్ బస్సు ఆళ్లగడ్డ మీదుగానే పోయింది. టీ కోసం నాలుగు రోడ్ల దగ్గర ఆపారు. నేనూ షరీఫా ముందే పోయి నిలబడ్డాం. జొన్నరొట్టెలు, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి మూట కట్టుకుని పోయాం. పాప దిగి చూసి, ఏందీ నాయనా, బస్సుకంతా తెచ్చినావా అని నవ్వింది. బస్సుకంతానే తెచ్చాను. నా బిడ్డ ఒక్కతే తింటుంటే మిగతా పిల్లలు చూస్తూ కూర్చోవాలా?

వాళ్ల సందీప్ సార్‌ను చూశాను. భీమవరం వైపు ఏదో ఊరంట, ఈ జూన్‌లోనే స్కూల్లో చేరాడంట. మీసం కూడా సరిగ్గా రాలేదు. బాబాయ్ గారూ, మీరేం బెంగ పెట్టుకోకండి, మాతో కాశయ్య అని ఆ అడవిలో ఉండే చెంచు గైడ్ వస్తున్నాడండి అన్నాడు. అండీ అండీ అంటుంటే చెవులకు హాయిగా ఉంది. నాకు బాగా నచ్చాడు.

సెప్టెంబర్ 13, శనివారం

కొండల మీద నల్లగా మబ్బు కమ్ముకుంది. ఫోన్ కలవడం లేదు. షరీఫా మీద ఊరికే అరిచాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

పాప బతికి ఉంది. ముందు ఈ ముక్క రాశాను. ఇప్పుడు మిగతాది.

మధ్యాహ్నం బస్సు నాలుగు రోడ్ల దగ్గర ఆగింది. పాప దిగింది. ఒక కాలికి బూటు లేదు. ఒళ్లంతా ఎర్రమట్టి. దాన్ని పట్టుకుని నడిరోడ్డు మీద ఏడ్చాను. వెనక ఆర్టీసీ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. కొట్టుకోనీ. నా బిడ్డ నా చేతుల్లో ఉంది. నుదురు ముద్దుపెట్టుకున్నాను, చేతులు, జడ, ఆ మట్టికాలు కూడా ముద్దుపెట్టుకున్నాను. నాయనా, అందరూ చూస్తాండారు అంది. చూడనీ.

రేపు నేనే తెచ్చి దింపుతానని చెప్పి ఇంటికి తీసుకొచ్చుకున్నాను. అన్నం తింటూ అంతా చెప్పింది.

నిన్న మధ్యాహ్నం వరుసలో నడుస్తున్నారంట. పొద్దుటి నుంచి పిల్లలు కాలు నొప్పి, కడుపు నొప్పి, ఎండ అని సార్‌ను సతాయిస్తున్నారంట. ఒక పిల్లకు మడమ బెణికితే కాశయ్య ఆమెను నడిపించుకుంటూ బాగా వెనకపడ్డాడంట. దారిలో ఒక వంక అడ్డం వచ్చింది. ఎండిపోయిన వంక, అడుగంతా రాళ్లు. సార్‌తో పాటు ముందున్న సగం మంది అందులోకి దిగారు. పాప ఒడ్డున ఉంది. పైనుంచి ఉరుము లాంటి చప్పుడు వినిపించింది, కానీ ఉరుములాగా ఆగలేదంట. రాళ్ల మధ్య సన్నగా ఎర్రనీళ్లు, వాటి మీద ఆకులు. ఇక్కడ పుట్టినవాళ్లకు అదేమిటో ఒకరు చెప్పాలా? సార్, వంక వస్తాంది సార్, బేగా రాండి అని అరిచిందంట. సార్ వెనక్కి తిరిగి, వంకలు చెప్పకు, నడువు అన్నాడంట. మళ్లీ అరిచింది. ఇంకొక్క వంక చెప్పావంటే ఇంటికి పంపించేస్తాను అన్నాడంట.

నా కూతురు ఏం చేసిందో తెలుసా? దారికి అడ్డంగా నేల మీద కూర్చుంది. వెనకవాళ్లను ఒక్కరిని కూడా దిగనివ్వలేదు. పక్కనుంచి పోబోయిన ఇద్దరిని బ్యాగులు పట్టుకుని లాగి కూలేసింది.

అంతలో నీళ్లు వచ్చాయి. దిగినవాళ్లు అవతలి ఒడ్డుకు ఉరికారు. చివర ఉన్న నతానియేలు అనే పిల్లవాడి కాలు రాళ్లలో ఇరుక్కుంది. సార్ నడుము లోతు నీళ్లలోకి దిగి లాగాడంట. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. సగం మంది అటు, సగం మంది ఇటు. కాశయ్య వచ్చి ఇటువాళ్లను తన గూడేనికి తీసుకుపోయాడు. ఆయన భార్య పోలేరమ్మ అందరికీ వండిపెట్టి, తడిసిన బట్టలు ఆరబెట్టిందంట. తెల్లారి నీళ్లు తగ్గాక అటువాళ్లూ వచ్చి కలిశారంట. ఆ తల్లి చల్లగా ఉండాలి.

ఇంత జరిగితే స్కూల్ నుంచి మాకు ఒక్క ఫోన్ లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. నా పళ్లు పటపటలాడుతున్నాయి.

సెప్టెంబర్ 15, సోమవారం, సాయంత్రం

పాపను దింపడానికి నంద్యాల పోయాను. ప్రిన్సిపాల్ మహాలక్ష్మి మేడమ్ పిలిపించారు. శాలువా కప్పుతారేమో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, చొక్కా గుండీలు కూడా సరిచేసుకున్నాను.

ఆవిడది కూడా కోస్తానే, గుంటూరు అవతల. మీ అమ్మాయి సార్‌కి వంకలు చెప్పిందట, ఒప్పుకుంటారా అని అడిగింది. ఒప్పుకోకపోవడం ఎందుకు? చెప్పింది మేడమ్, ఒకసారి కాదు, అరిచి అరిచి చెప్పింది అన్నాను. అందరి ముందూ చెప్పిందటగా అంది. అందరికీ వినబడాలనే కదమ్మా చెప్పింది అన్నాను. ఆవిడ అటెండర్ వైపు చూసి తల ఊపింది. నేను కూడా గర్వంగా తల ఊపాను.

అప్పుడు చెప్పింది. గురువారం అసెంబ్లీలో ముబశ్శిరా సందీప్ సార్‌కి సారీ చెప్పాలంట. సార్ దాటమంటే దాటకుండా సగం మందిని ఆపేసిందంట. దాని అరుపుకి బెదిరి వెనక్కి తిరిగినందుకే నతానియేలు కాలు ఇరుక్కుందంట. సారీ చెప్పకపోతే టీసీ తీసుకుని పోవచ్చంట.

నాకు కళ్లు కనబడలేదు. నిజం చెప్తే సారీ అడుగుతారా, ఇది బడేనా అన్నాను. వంకలు చెప్పడాన్ని మా స్కూల్లో నిజం అనరండీ అంది. మరేమంటారు, అబద్ధమంటారా, అందరూ మునిగి చచ్చుంటే ఏమనేవాళ్లు అన్నాను. గొంతు తగ్గించండి అంది. నేను పెంచాను. అటెండర్ నన్ను చెయ్యి పట్టుకుని బయటకు తెచ్చాడు. గేటు దగ్గర నతానియేలు నాయన మోషే ఎదురొచ్చాడు, రైస్ మిల్లులో లారీ డ్రైవర్. నీ బిడ్డ వల్లే కదప్పా నా కొడుకు మంచం మీద పడినాడు అన్నాడు. నీ కొడుక్కి చెవులు లేవా అన్నాను. ఇద్దరం కొట్టుకోకుండా ఆ అటెండరే ఆపాడు.

తిరిగి వస్తుంటే శిరివెళ్ల దగ్గర బస్సు ఆగిపోయింది. కండక్టర్ లేచి, వంక రోడ్డెక్కింది, తగ్గేదాకా కూర్చోండప్పా అన్నాడు. నా పక్కన ల్యాప్‌టాప్ బ్యాగు పెట్టుకున్న ఒక పరాయి ఊరి కుర్రవాడు ఫోన్‌లో విసుక్కుంటున్నాడు. లేటవుతుందండి, కండక్టర్ ఏదో వంక చెప్పి బస్సు ఆపేశాడండి అంటున్నాడు.

వంక చెప్పి.

నేను కూర్చున్నవాడిని లేచి నిలబడ్డాను. సాకు. వాళ్లకు వంకంటే సాకు. మనమూ అంటాం, వంకలు పెట్టొద్దు అని. ఆ సార్‌కు అదొక్కటే తెలుసు. నా బిడ్డ నీళ్లొస్తున్నాయని అరిస్తే, నడవలేక సాకులు చెప్తోందని అనుకున్నాడు. నేనేమో ఆ మేడమ్ గదిలో కూర్చుని, చెప్పింది, అరిచి అరిచి చెప్పింది అని నా నోటితో నేనే ఒప్పుకుని, తల కూడా ఊపి వచ్చాను.

సెప్టెంబర్ 16, మంగళవారం, ఉదయం

స్కూల్‌కు ఫోన్ చేశాను. మేడమ్ మీటింగ్‌లో ఉన్నారు. మళ్లీ చేశాను. మీటింగ్. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

అదే రోజు, రాత్రి

సందీప్ సార్ వచ్చాడు, మా ఇంటికే. ఆళ్లగడ్డలో దిగి పరుపుల మాబు సాహెబ్ ఇల్లు ఎక్కడని అడుక్కుంటూ వచ్చాడు.

నిన్న హాస్పిటల్లో నతానియేలు మంచం దగ్గర కూర్చున్నాడంట. సార్, ముబశ్శిరా వంక వస్తాందని చెప్తానే ఉండ్య, మేమే ఇన్లేదు అన్నాడంట ఆ పిల్లవాడు. వంక రావడమేమిటిరా అని ఈయన అడిగాడు. మోషే అక్కడే ఉన్నాడు. తల కొట్టుకుని, ఏం సార్, మీ ఊర్లో నీళ్లు యాడ పారతాయి అన్నాడంట. కాలవల్లో అండి అన్నాడంట ఈయన. వాగులూ వంకలూ అని పుస్తకంలో చదివాను బాబాయ్ గారూ, విడిగా ఒక్క వంక వస్తుందని ఎప్పుడూ వినలేదండి అన్నాడు నాతో.

నేను తిట్టాను. నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను, తెలుగులోవీ ఉర్దూలోవీ. మాట రానివాడివి పిల్లలను అడివికి ఎందుకు తీసుకుపోయావన్నాను. అడిగి తెలుసుకునే దిక్కు లేదా అన్నాను. నీ ఉద్యోగం పీకించకపోతే నా పేరు మాబు సాహెబ్ కాదన్నాను. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. అందువల్ల ఇంకా కోపం వచ్చింది.

అసెంబ్లీలో తప్పు నాదని చెప్తానండి అన్నాడు. మేడమ్‌తో ఆ మాట అంటే, అలా చెబితే తల్లిదండ్రులందరూ స్కూల్ మీద పడతారు, నీ ఉద్యోగం నువ్వే చూసుకో అందంట. పోతే పోనీ అన్నాను. పోతే పోనీలెండి అన్నాడు ఆయన కూడా.

షరీఫా అతనికి అన్నం పెట్టింది. నన్ను అడగలేదు. జొన్నరొట్టెను చపాతీలా చుట్టబోతే పొడిపొడి అయిపోయింది. షరీఫా నవ్వింది. పిల్లోడు భయంతో సరిగ్గా తినలేదు, నీ నోరు కాసేపు మూస్తావా అని నన్నే అంది. నా ఇంట్లో నాకే దిక్కు లేదు.

సెప్టెంబర్ 17, బుధవారం

రేపు సార్ చెబుతాడో చెప్పడో. చెప్పకపోతే స్టేజీ ఎక్కి నేనే చెప్తాను. టీసీ ఇస్తే పాప చదువు ఏడాది మధ్యలో ఎక్కడ అతికించాలి?

సెప్టెంబర్ 18, గురువారం

నా కూతురు. నా కూతురు. ఇవాళ ఇంకేం రాయాలనిపించడం లేదు, అయినా రాస్తాను.

నేనూ షరీఫా తొలి బస్సుకే పోయాం. మోషే కూడా గేటు దగ్గర ఉన్నాడు. సాయిబన్నా, మొన్న తెలీక అన్న్యా అన్నాడు. నేనూ తెలిసి అనలేదులే అన్నాను.

పాపను స్టేజీ మీదికి పిలిచారు. మైకు ముందు నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. నోరు తెరవలేదు. మేడమ్ ఊఁ అంది. తెరవలేదు. సారీ చెప్పనని నిన్ననే హాస్టల్ వార్డెన్‌తో చెప్పేసిందంట, మాకు చెప్పలేదు. నేను ముందుకు పోబోతుంటే మోషే నా భుజం పట్టుకున్నాడు.

సందీప్ సార్ వరుసలోంచి వచ్చి మైకు తీసుకున్నాడు. ఈ అమ్మాయి నాకు సాకులు చెప్పలేదు, వాగు వస్తోందని చెప్పింది, వంక అంటే ఇక్కడ వాగు, నాకు తెలియక తిట్టాను అన్నాడు. ఒడ్డున ఆగినవాళ్లు ఈ అమ్మాయి వల్ల ఆగారు, నతానియేలు కాలు నా వల్ల విరిగింది, సారీ చెప్పాల్సింది నేను అన్నాడు. అని పాప వైపు తిరిగి చెప్పాడు, అందరి ముందూ.

పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడమ్ మైకు లాక్కుని అటెన్షన్ అంది. ఎవరూ వినలేదు. నేను, అది నా బిడ్డ, నా బిడ్డ అని అరుస్తున్నాను. షరీఫా కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మోషే నన్ను ఎత్తినంత పని చేశాడు. పాప ఒక్కతే నవ్వలేదు. సార్ వైపే చూస్తూ ఉంది.

బయటకు వస్తుంటే, సార్‌ను ఆఫీసుకు పిలిచారని అటెండర్ చెప్పాడు. బాగా అయింది అనుకున్నాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ఫయాజ్‌కు అంతా చెప్పాను. రెండు తూర్లు చెప్పాను.

సెప్టెంబర్ 21, ఆదివారం

పాప ఫోన్ చేసింది. సందీప్ సార్‌ను ఇక రావద్దన్నారంట. రూమ్ ఖాళీ చేస్తున్నాడంట. నువ్వే కదా నాయనా ఉద్యోగం పీకిస్తానంటివి, అమ్మ చెప్పింది, ఇప్పుడు సంతోషమేనా అని అడిగి ఫోన్ పెట్టేసింది.

మోషేకు ఫోన్ చేశాను. వాడూ మండిపోతున్నాడు. మూడు రోజులు రూమ్ వదలొద్దని సార్‌కు గట్టిగా చెప్పి వచ్చాడంట. రేపు తొలి బస్సుకు నేను నంద్యాల పోతాను. ఇద్దరం మేడమ్ గదిలో కూర్చుంటాం. సార్‌ను తిరిగి తీసుకునేదాకా లేచేది లేదు.

కొత్త తిట్లు వెతుక్కోవాలి. ఉన్నవన్నీ ఆ పిల్లోడి మీదే అయిపోయాయి.