నల్ల అంచు ఉత్తరం

పటమట,
10-6-1974

ఒసేయ్ హన్నా,

కూర్చుని చదువు, నిలబడి చదివితే పడిపోతావు. థార్న్‌లీ ఉత్తరం దొరికింది! బి.ఏ.లో మనిద్దరం ఒకే దిండు మీద తలలు పెట్టుకుని చదివిన నవలల ఆవిడే, ఆవిడ చేతిరాతే! విక్టోరియా రాణి కాలం నాటి సిరా ఇంకా చెరగలేదు. మద్రాసులో నాలాగే పేరున్నవాళ్ల ఉత్తరాలు పోగేసే పిచ్చాయన ఒకరు, నా దగ్గరున్న చిత్రకారుల ఉత్తరాలు రెండూ తీసుకుని ఇది పంపించారు.

కానీ కాగితం చుట్టూ నల్ల అంచుంది. ఆ రోజుల్లో అక్కడ భర్త పోయినవాళ్లు కొన్నాళ్లపాటు ఏం రాసినా అలాంటి కాగితం మీదే రాసేవారట. అత్తయ్యగారికి అదెలా తెలుస్తుంది? చావు కబురు ఉత్తరాన్ని మనం చదవగానే చించి పారేస్తాంగా. మామయ్యగారు పోయి ఏడాదైనా కాలేదు. అంచు చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది. చించెయ్యమన్నారు. ఈయనేమో అమ్మ మాట వినమని ఆఫీసుకు వెళ్లిపోయారు. ఆదివారం దాకా గడువడిగి, రేకు డబ్బాలో పెట్టి పెరటి అరుగు మీద ఉంచాను.

ఆదివారం బస్సెక్కి రా. ఇదొక్కటే కాదు, నా ఉత్తరాలన్నీ చల్లపల్లి పట్టుకుపో. ఈ పిచ్చికి ఇంతటితో సరి. ఈ ఇంట్లో నాకు ఇష్టమైనది ఒక్కటీ ఉంచుకోలేకపోతున్నానని ఏడుపొస్తోందే.

నీ ఛాయ

పటమట,
13-6-1974

హన్నా, నా తల్లీ,

ఆదివారం రా, కానీ ఉత్తరాలు ఇవ్వను!

నిన్న అత్తయ్యగారు పెరటి గుమ్మంలో కూర్చుని, ఆ ఉత్తరం రాసినామెకి ఎవరు పోయారని అడిగారు. భర్త అన్నాను. ఏమని ఏడ్చిందో చదవమన్నారు. తెలుగులో చెప్పుకుంటూ చదివాను. అందులో ఏడుపెక్కడుందే? చెల్లెలికి రాసింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా చప్పిడి జావ తాగిస్తున్నారట, తనకేమో మిరియాలు దట్టించిన మాంసం తినాలనుందట. అడగాలంటే సిగ్గు, నువ్వే రహస్యంగా పట్టుకురా అని.

అత్తయ్యగారు ఆ ముక్కే మళ్లీ చదివించుకున్నారు.

"నాకూ ఆకలేస్తందే అమ్మాయ్," అన్నారు. "అడిగితే జనం ఏమనుకుంటారోనని..."

ఇన్నాళ్లూ ఆవిడకి తిండి మీద ధ్యాస పోయిందనుకుని నేనే మజ్జిగన్నం కలిపి పెడుతున్నాను. సిగ్గేసింది. వెంటనే కొర్రమేను తెప్పించి పులుసు పెట్టాను. ఉడికేదాకా పొయ్యి దగ్గరే కూర్చుని, కారం చాలదన్నారు.

ఉత్తరం ఇప్పుడు ఆవిడ బీరువాలోనే ఉంది. పొద్దున్నుంచీ ఒకటే గొడవ. ఇంతకీ ఆ చెల్లెలు మాంసం తెచ్చిందా లేదా? జవాబుత్తరం ఎవరి దగ్గరుందో మద్రాసాయన్ని అడగాలట, దానికి బదులు ఏమివ్వాలో కూడా ఆవిడే ఆలోచిస్తున్నారు. ఆయనకి ఉత్తరం రాయమని పక్కనే కూర్చుని తొందరపెడుతున్నారు, ఉంటానే.

నీ ఛాయ