ఊక కరెంటు, మన లాంతరు

విజయవాడ,
మార్చి 2001

అమ్మకు సైదావలి సలాం. కులాసాగానే ఉన్నాను, హోటలు భోజనం పడుతోంది.

ఊకతో కరెంటు తీసే మా ఫ్యాక్టరీని పెద్ద లైనుకు కలపడానికి ఈరోజు ఒప్పుకున్నారు. మేనేజరు ఊళ్లో లేక కరెంటాఫీసుకు నేనే వెళ్లాను. ఆఫీసరు ఒక షరతు మాత్రం రెండుసార్లు చెప్పారు. "లైన్లో కరెంటు పోతే మీ మిషనూ ఆ క్షణమే ఆగాలండీ. మీరు పంపుతూనే ఉంటే, పోయిందనుకుని స్తంభమెక్కినవాడు మిగలడు" అన్నారు. మన ఊరి లైన్‌మన్ బావే కాబట్టి వెంటనే సంతకం పెట్టేశాను.

కాబట్టి ఫ్యాక్టరీ మన ఊళ్లో ఉన్నా, కరెంటు పోయినప్పుడు మనకూ చీకటే. ఇక కోతలుండవని వీధంతా చెప్పింది నువ్వే, ఇదీ నువ్వే చెప్పు.

గేదె ఈనిందా? నా గళ్ల లుంగీ ఉయ్యూరు బస్సు డ్రైవరుకిచ్చి పంపు. అక్కను బరువులెత్తనివ్వకు.

ఇక అక్కర్లేదని వెంకటరత్నమ్మగారికి ఇచ్చేసిన లాంతరు వెనక్కి అడుగు. నామోషీ అనుకోకు. అక్కకు నెలలు నిండాయి. నొప్పులు చీకట్లో మొదలైతే బావ ఇంట్లో ఉండడు, స్తంభం మీద ఉంటాడు.

అక్కకు నా దువా.

సైదావలి