సామి ఎద్దుకు ఓనరు ఎవరు

మహారాజశ్రీ సబ్ కలెక్టరు గారి సముఖమునకు, ఒట్టన్‌చత్రం నుండి పళని పోవు రోడ్డులో తుమ్మలపట్టి, తెలుగు వీధి కాపురస్థుడు, సామి ఎద్దు కాపరి అళగిరిసామి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధి సామి ఎద్దు ఎర్రయ్య ప్లాస్టిక్ కవర్లు మింగి ప్రాణాపాయములో ఉన్నందున, దాని పొట్ట కోయుటకు దొరవారి హోదాలో తమ ఆజ్ఞ దయచేయుట గురించి, మరియు వాగులోని చెత్తకుప్పకు కంచె వేయించుట గురించి.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా:

ఇదే సంగతి మీద మేము తమిళంలో ఇచ్చిన అర్జీలకు రసీదులు వచ్చాయి, మనుషులు రాలేదు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టయింది. కొత్తగా వచ్చిన తమరు గుంటూరు వైపు వారని టీ కొట్టు మునిసామి చెప్పాడు. అందుకని ఇంటి మాటలో ఏడిస్తే వినిపిస్తుందేమోనని తెలుగులో రాస్తున్నాను. నేను చాలా ఏళ్ళు ఒట్టన్‌చత్రం మార్కెట్టు నుంచి విజయవాడకు మునక్కాయల లారీ తోలినవాణ్ణి. తెలుగు మాట మా అమ్మ నేర్పింది. తెలుగు అక్షరం ముందు పోయే లారీల వెనుక రాతలు నేర్పాయి. అర్జీ భాష మాత్రం నెల్లూరు చెక్‌పోస్టు దగ్గర డ్రైవర్లకు దరఖాస్తులు రాసిపెట్టే ఒక పెద్దాయన దయ. తప్పులుంటే అవి లారీలవి.

1. మా వీధిలో ఒక ఎద్దును సామికి వదిలే ఆచారం తాతల నాటి నుంచి అమలులో ఉన్నది. ఆ ఎద్దుకు ముక్కుతాడు లేదు, కాడి లేదు, కట్టుకొయ్య లేదు. దానిని కొట్టరాదు, కట్టరాదు, మేసేచోట అడ్డగించరాదు. ఇనుము దాని ఒంటిని తాకరాదు. ఇప్పుడున్న ఎద్దు పేరు ఎర్రయ్య. మా నాయన పోయిన తరువాత కాపరితనం నాకు సంక్రమించినది. కాపరికి ఉన్న నియమం ఒక్కటే: ఎద్దు మేసిన తరువాతనే కాపరి తినాలి. ఈ నియమం 5వ అంశంలో మళ్ళీ వస్తుంది గనుక తమరు దయచేసి గుర్తుంచుకోవాలి.

2. ఇంకొక వాడుక కూడా కలదు. సంతకు పోయి వచ్చినవారు ఎవరైనా సరే, తమ ఇంటి గడప తొక్కక ముందు, తెచ్చినదాంట్లో మొదటి పిడికెడు ఎర్రయ్య నోటికి ఇవ్వాలి. మా అమ్మ కాలంలో గంపలోంచి తీసి ఇచ్చేవారు. తరువాత కవర్లు వచ్చాయి. అరటిపండో, కారెట్టో, కవరులోంచి తీసి ఇచ్చాము. కొన్నాళ్ళకు కవరు చప్పుడు వినబడితే చాలు, ఎర్రయ్య వీధి చివరి నుంచి పరుగెత్తుకొచ్చేది. పిల్లలు ఖాళీ కవరు గలగలలాడించి పిలిచేవారు. పెద్దవాళ్ళం చూసి నవ్వుకున్నాం. కవరంటే మేత అని దానికి నేర్పింది మేమే అయ్యా. భక్తితో నేర్పాం.

3. పళనికి నడిచిపోయే భక్తులకు మా రోడ్డు పొడవునా అన్నదానం జరుగుతుంది. పులిహోర, పెరుగన్నం కవర్లలో కట్టి ఇస్తారు. పుణ్యం వారిది, కవరు మాది. సగం తిని పారవేసినవన్నీ ట్రాక్టరులో ఎత్తి, మా వీధి వెనుక వానకు మాత్రమే పారే వాగులో కుమ్మరిస్తున్నారు. పెరుగన్నం వాసన కొట్టే కవరును ఎర్రయ్య అన్నంతో సహా మింగుతుంది. మేసేచోట అడ్డగించరాదు గనుక మేము గట్టు మీద నిలబడి చూస్తుంటాము.

4. మేము చేతులు ముడుచుకుని కూర్చున్నామని మాత్రం తమరు తలచవద్దు. వీధి పెద్ద వరదరాజ తాత అందరినీ కూర్చోబెట్టి, ఇకమీదట మన వీధిలోకి కవరు రాకూడదని మాట తీసుకున్నాడు. ఆడవాళ్ళు పాత పంచెలు చించి సంచులు కుట్టారు. మునిసామి కవరులో టీ కట్టివ్వడం మానేశాడు. "చెంబు తెస్తివా, టీ పోస్తా. కవరు అడిగితివా, నీకూ లేదు, నీ అల్లునికీ లేదు పో" అని వచ్చినవాళ్ళ మీద కేకలేసి సగం బేరం పోగొట్టుకున్నాడు. కోడికూర ఆకులో కట్టించుకు వస్తున్నాము. రసం కారి లుంగీలు పాడైనా ఎవరూ మాట తప్పలేదు.

ఇక వాగులోకి ముందుగా దిగింది జెబమలర్. పక్క వీధి మనిషి. చర్చికి పోయే ఇల్లు. పంచాయతీలో ఊడ్చే పని. రోజూ పనికి పోకముందు కొక్కెం కర్ర పట్టుకుని దిగి, కవర్లు ఏరి గోనెలో కుక్కేది. "నీకు మా సామితో ఏమి పని అమ్మా?" అని అడిగితే, "సామి మీది అన్నా, నోరులేని ప్రాణి అందరిదీ గదా" అంది. ఆ మాటకు సిగ్గుపడి మేమూ దిగాము. ముందు మేము ఏరుతుంటే వెనుక ట్రాక్టరు పోస్తుంది. "ఏమప్పా, ఇప్పుడే గదా ఏరితిమి, నీకు కన్ను లేదా?" అని నేను డ్రైవరు మీదికి పోయాను. వాడు, "నాన్ ఎన్న పణ్ణట్టుమ్ అణ్ణే, మేలే సొన్నాంగ" అన్నాడు. పైవాళ్ళు చెప్పారు, నేనేం చేసేది అని దాని అర్థం. పైవాళ్ళలో తమరు ఎంత పైన ఉన్నారో నాకు తెలియదు. అందరికంటే పైనే ఉంటారని ఆశ.

5. గడచిన అమావాస్య మొదలు ఎర్రయ్య మేత ముట్టలేదు. నెమరు లేదు. ఎడమ డొక్క ఉబ్బిపోయి, తడితే డప్పు మోగినట్టు మోగుతున్నది. కళ్ళు లోపలికి పోయాయి. అంత బాధలోనూ, దూరాన ఎక్కడైనా కవరు గలగలమంటే చెవి ఇటు తిప్పుతుంది. అది నేను చూడలేకపోతున్నాను అయ్యా.

1వ అంశంలోని నియమం ప్రకారం నేనూ అన్నం ముట్టలేదు. నీళ్ళకు నియమం లేనందున నీళ్ళు తాగుతున్నాను. ఈ అక్షరాలు వంకరగా ఉంటే కారణం అదే. నా భార్య కాళియమ్మాళ్ తిట్టని తిట్టు లేదు. "దానికి కడుపు నిండా కవర్లు ఉండాయి. నీ కడుపులో ఏముండాది? గాలి! నువ్వు పోతే నన్ను ఎవురు చూస్తారు, ఎద్దా?" అంటుంది. అని లోపలికి పోయి ఆమె కూడా తినకుండా పడుకుంటుంది.

6. పశువుల డాక్టరమ్మ చిత్ర గారిని పిలిపించాము. చెయ్యి పెట్టి చూసి, పొట్ట నిండా కవర్లు ముద్దగట్టాయి, డొక్క కోసి తీస్తే తప్ప బతకదు అని సెలవిచ్చారు. తరువాత "ఓనరు యారు?" అని అడిగారు.

"సామి" అన్నాను.

"సామి సరే. కోయమని చెప్పేదానికి ఒక మనిషి కావల్ల గదా? రేపు ఏమన్నా ఆయెనంటే ఊరంతా నా మీదికి వస్తారు. ఓనరు చెప్పితే ఈ నిమిషమే కోస్తాను."

అందరూ వరదరాజ తాత మొహం చూశారు. తాత తల వంచుకుని, "సామి ఎద్దుకు ఇనుము తగలరాదు. పాళయం దొరలు ఉన్న కాలంలో వాళ్ళ ముద్ర కాల్చి వేస్తా ఉండ్రి. అదొకటే ఇనుము. దొర ఆజ్ఞ లేకపోతే కూడదు" అన్నాడు. సామి వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు ఉంది మా పని. ఆ పాలెగాళ్ళ దొరతనం పోయి ఎన్ని తరాలైందో తమకు తెలియనిది కాదు.

అప్పుడు జెబమలర్ గుంపును తోసుకుని ముందుకు వచ్చింది. "తాతా, కడుపులోకి ఇనుము పొయ్యేది తప్పు. ప్లాస్టిక్ పొయ్యేది తప్పు కాదా?" అంది. తాత కండువాతో మొహం కప్పుకుని ఇంటికి పోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎర్రయ్య పుట్టేటప్పుడు తల్లి కడుపులో అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి బయటికి తీసింది ఆయనే. ఆయనకు భయం. నాకూ భయమే. కోసిన తరువాత పోతే మేమే చంపినట్టు. కోయకుండా పోతే కూడా మేమే చంపినట్టు.

7. కావున ఈ ప్రాంతానికి ఇప్పుడు దొర ఎవరని ఆలోచించగా, తమరే అని తేలినది. తమకు జీపు ఉన్నది, డవాలీ జవాను ఉన్నాడు, ముద్ర ఉన్నది. "ఎర్రయ్య పొట్ట కోయవచ్చును" అని ఒక్క వాక్యం రాసి ముద్ర వేయించండి. నేను దానిని తాత ముందు గట్టిగా చదువుతాను. ఇట్లాంటి అధికారం చట్టంలో లేదని తమ గుమస్తా గారు అనవచ్చు. లేదని నాకూ తెలుసు అయ్యా. లేని అధికారమే అడుగుతున్నాను. ఉన్న అధికారాలన్నీ అడిగి చూశాను.

8. వాగులో ఇకమీదట కుప్ప పోయకుండా ఆర్డరు వేసి, పోసినదానిని ఎత్తించే వరకు చుట్టూ కంచె వేయించాలి. అన్నదానం ఆకులోనే జరగాలని చెప్పించాలి. అరటాకులు ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు బండ్లకొద్దీ వస్తాయి, కొరత లేదు.

తమ సమయం విలువైనదని ఎరుగుదును. ఎర్రయ్య సమయం అంతకంటే తక్కువ ఉన్నందున, ఫైలు మీద ఫైలు పడకముందే ఈ మొరను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అళగిరిసామి
సామి ఎద్దు కాపరి, తుమ్మలపట్టి

తా.క.: అయ్యా, సంతకం పెట్టే వేళకు వరదరాజ తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి, "రాసింది చదువురా" అన్నాడు. మొదటి నుంచి చివరి దాకా చదివాను. దొర మాట వచ్చిన చోట కళ్ళు మూసుకున్నాడు.

"ఈ దొర ఎప్పుడు చెప్తాడు?"

"సోమవారం పొయ్యి ఇస్తాను తాతా. రసీదు ఇస్తారు."

"రసీదు మేస్తాదా ఇది?" అని లేచాడు. ఎర్రయ్య దగ్గరికి పోయి, మెడలోని కంచు గంట విప్పాడు. మా అందరి ముందూ దాన్ని జెబమలర్ చేతిలో పెట్టాడు. "దీనికోసం కుప్పలో దిగిన చెయ్యి ఇది. ఎద్దు నీకు ఇచ్చేస్తిని అమ్మణ్ణీ. సామి ఎద్దుకు ఇనుము తగలరాదు. నీ ఎద్దుకు తగలొచ్చు. డాక్టరమ్మకు నువ్వే చెప్పు" అన్నాడు. అని గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా వీధికి ఇప్పుడు సామి ఎద్దు లేదు.

జెబమలర్ డాక్టరమ్మను పిలిపించి చెప్పింది. డాక్టరమ్మ ఎద్దును నిలబెట్టే, డొక్కకు మత్తు సూది వేసి, కోసింది. నేను గోడ ఇవతల కూర్చుని ఇది రాస్తున్నాను. కవర్లు బక్కెట్లు బక్కెట్లుగా బయటికి వస్తున్నాయి. బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనంటోంది.

కాళియమ్మాళ్ పళ్ళెంలో అన్నం తెచ్చింది. "అది సామి ఎద్దు కాదు, నువ్వు కాపరివి కాదు. ఇంక తిను" అంది. ముద్ద కలిపాను, నోటి దాకా పోలేదు. పళ్ళెం ఇక్కడే పక్కన ఉంది.

కావున 7వ అంశం కొట్టివేయవలెను. తమరు దొర కానక్కరలేదు. 8వ అంశం మాత్రం కొట్టివేయవద్దు. ఇక దాన్ని కట్టేసుకోవచ్చు గదా అని జెబమలర్‌ను అడిగాను. "పుట్టినప్పటినుంచి తాడు ఎరగనిదాన్ని కట్టేది ఎట్ల అన్నా?" అంది. ఎద్దును ఆమె కట్టదు. మేమూ కట్టం. తమరు ఆ కుప్పను కట్టండి అయ్యా, త్వరగా కట్టండి. ఎర్రయ్య లేచిందంటే మొదట పోయేది అక్కడికే.