గోడెక్కిన కోరాం

అక్కా,

నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. నాకు రాయడం రాదు కాబట్టి నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నువ్వు చదవవని నాకూ తెలుసు. అయినా ఈ కడుపుమంట నీకు కాక ఇంకెవరికి చెప్పను?

నీ కొడుకు ఇల్లు బాగుచేయించాడు. అందుకు రాజమండ్రి నుంచి ఒక డిజైనరమ్మాయి వచ్చింది. "మామ్మగారూ, ఇల్లు మీ అలవాట్లకి తగ్గట్టుండాలండి, అన్నీ చెప్పండి" అంది. నేను మురిసిపోయి, తోడికోడళ్ళం మనిద్దరం పెరటి వసారాలో కింద కూర్చుని, ఒకే కోరాం మీద వంతులేసుకుని కొబ్బరి కోరిందంతా చెప్పాను.

ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? వసారా తీయించి వంటింట్లో కలిపేసింది. కోరాన్ని హాలు గోడకి బిగించి, పైన లైటు పెట్టింది. "ఇది మీ ఇద్దరి జ్ఞాపకమండి" అంది.

"మరి నేనెక్కడ కూర్చోవాలమ్మా?" అన్నాను.

"మీకెందుకండీ శ్రమ, మిక్సీ ఉందిగా!" అంది.

నిన్న నీకు కొబ్బరి బూరెలు వండాలని కోరాం దింపమన్నాను. "గోడ పాడైపోద్ది పిన్నీ" అన్నాడు నీ కొడుకు. "నీ గోడ తగలెయ్యా!" అని నేనే పీకేశాను. తీరా చూస్తే దానికి పళ్ళు లేవు. పిల్లలకి గీసుకుంటుందని అరగదీయించి రంగేశారట. నీ విస్తట్లో మిక్సీ కొబ్బరే పడింది.

రేపు రాజోలు వెళ్ళి కమ్మరి చేత పళ్ళు పెట్టిస్తాను. వసారా లేకపోతే ఆ హాలు మధ్యలోనే, వచ్చినవాళ్ళ కాళ్ళకి అడ్డంగా కూర్చుని కోరతాను. లేపేవాళ్ళెవరో వచ్చి లేపమను.