సిస్టర్ దీవెన తీసిన ఫోటో

జగిత్యాల,
అక్టోబరు 2011

ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి,

ఇంట్లో కూర్చోలేక మళ్లీ మీ గేటు దాకా వచ్చాను. సమ్మె వల్ల మీరు కలవలేదు. అందుకే రాస్తున్నాను.

నా బావమరిది ఫిర్యాదు మీద మీ నర్సు సిస్టర్ దీవెనను పనిలోంచి తీసేస్తున్నారట. దయచేసి తీసేయకండి.

నా భార్యకు గుండెపోటు వచ్చిన రోజు రాస్తారోకోలో డాక్టరు గారు కోరుట్లలో చిక్కుకున్నారు. సిస్టర్ ఆమె ఈసీజీని తన సెల్‌ఫోనులో ఫోటో తీసి ఆయనకు పంపింది. “మా అక్క పానం పోతుంటె ఫోటోలు దింపుతున్నవా?” అని బావమరిది అరిచి బయటికి వెళ్లిపోయాడు.

తర్వాత జరిగింది అతను చూడలేదు. ఏ సూది వేయాలో డాక్టరు గారు ఫోనులోనే చెప్పారు. సిస్టర్ స్పీకరు పెట్టింది. “భయపడకు సులోచనమ్మా, నీ గుండె నాకు కనబడుతున్నది” అన్నారాయన.

సులోచన నా చెయ్యి వదిలి ఆ ఫోను పట్టుకుంది. ఆమె బతకలేదు. కానీ డాక్టరు తోడు లేకుండా చనిపోలేదు.

ఇట్లు,
సులోచన భర్త